పిల్లల అలవాటు మార్చాలంటే బహుమతి ఎప్పుడు, శిక్ష ఎప్పుడు, ఎంత మోతాదులో

నాలుగేళ్ల నుంచి పదేళ్ల లోపు పిల్లలున్న ఇళ్ల కోసం ఈ మార్గదర్శి. హోంవర్క్‌కు కూర్చోకపోవడం, ఫోన్ చేతికిస్తే తప్ప ముద్ద మింగకపోవడం, స్కూలుకు తయారవడానికి గంటసేపు సతాయించడం, దుకాణం ముందు నేల మీద పడి దొర్లడం లాంటివాటికి ఇది పనికొస్తుంది. ఇవన్నీ పిల్లలు తమంతట తాము చేసే పనులు. చేశాక ఏం జరిగిందన్నదాన్ని బట్టి పెరుగుతాయి, తరుగుతాయి.

నత్తి, పక్క తడపడం, చీకటంటే భయం, అక్షరాలు తారుమారుగా చదవడం లాంటివి పిల్లల చేతిలో ఉన్న పనులు కావు. వాటికి ఈ పద్ధతి వాడకండి.

మొత్తం కనీసం ఎనిమిది తొమ్మిది వారాలు పడుతుంది. మొదటి వారం ఏమీ మార్చకూడదు, లెక్క రాయడమే పని. విసుగ్గా ఉంటుంది కాబట్టి ఎక్కువమంది దీన్ని దాటేసి నేరుగా స్టిక్కర్లు కొనడానికి వెళ్తారు. పదో రోజుకి స్టిక్కర్లు ఫ్రిజ్ మీద, పిల్లాడు ఎప్పటిలాగే మంచం కింద.

కావలసినవి

- 40 పేజీల నోటు పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్ను
- మూతలున్న ప్లాస్టిక్ సీసాలు రెండు, లోపలున్నది బయటికి కనబడేవి
- కడిగి ఆరబెట్టిన 50 చింతగింజలు. పని చేయగానే ఇచ్చేది ఇవే, వీటితోనే పిల్లలు బహుమతులు కొనుక్కుంటారు. ఇంట్లో మూడేళ్ల లోపు బిడ్డ ఉంటే గింజలు వద్దు, నోట్లో పెట్టుకుంటారు. గోడకు కాగితం అంటించి చుక్కలు పెట్టండి
- వంటింటి టైమరు, లేకపోతే ఫోన్ అలారం
- ఇంట్లో పెద్దలందరూ కలిసి కూర్చునే అరగంట. అన్నిటికన్నా ఇదే కష్టం

## 1. నాలుగు గళ్లు సరిచూసుకోండి

పని తర్వాత ఏదైనా ఇవ్వవచ్చు, ఏదైనా తీసేయవచ్చు. దానివల్ల ఆ పని పెరిగితే పునర్బలనం, తగ్గితే శిక్ష. కలిపితే నాలుగు గళ్లు:

- ధనాత్మక పునర్బలనం: నచ్చింది ఇస్తాం, పని పెరుగుతుంది. పుస్తకాలు సర్దగానే నాన్న ఒక బోర్డు క్యారమ్స్ ఆడతాడు.
- రుణాత్మక పునర్బలనం: ఇబ్బంది తొలగుతుంది, పని పెరుగుతుంది. చెప్పకుండానే స్నానానికి వెళ్తే అమ్మ పోరు ఆగుతుంది.
- ధనాత్మక శిక్ష: ఇబ్బంది తగిలిస్తాం, పని తగ్గుతుంది. గోడ మీద గీసిన గీతలు తనే తుడవాలి.
- రుణాత్మక శిక్ష: నచ్చింది తీసేస్తాం, పని తగ్గుతుంది. హాల్లో బంతి ఆడితే ఆ సాయంత్రానికి బంతి బీరువా మీదికి.

టెట్, డీఎస్సీకి చదివేవాళ్లు కూడా తడబడేది రెండో గడి దగ్గరే. రుణాత్మకం అనగానే శిక్ష అనుకుంటారు. కాదు, అక్కడ పని పెరుగుతోంది.

ఇక అసలు సంగతి. ఏది బహుమతో, ఏది శిక్షో తేల్చేది మీ ఉద్దేశం కాదు, నోటు పుస్తకంలోని లెక్క. తిట్టిన కొద్దీ ఒక పని పెరుగుతోందంటే, ఆ పిల్లాడికి మీ తిట్టే బహుమతి. రోజంతా వంటింట్లోనో ఫోన్‌లోనో ఉండే అమ్మ, చెల్లెలి జుట్టు లాగగానే పరిగెత్తుకొచ్చి రెండు నిమిషాలు తనతోనే మాట్లాడుతుంది. కోపంగానే మాట్లాడినా, ఆ రెండు నిమిషాలూ తనవే.

## 2. ఒకే ఒక్క పని ఎంచుకోండి

“బుద్ధిగా ఉండాలి”, “బాగా చదవాలి” అనేవి లెక్కకు అందవు. ఇద్దరు పెద్దలు వేర్వేరుగా చూసినా ఒకే అంకె రాయగలిగేంత స్పష్టంగా ఉండాలి.

రెండో షరతు: గోడకు ఆనించిన బొమ్మ కూడా చేయగలిగేది లక్ష్యం కాకూడదు. “అల్లరి చేయకపోవడం”, “ఏడవకపోవడం” బొమ్మ కూడా చేస్తుంది. దాని బదులు ఏం చేయాలో రాయండి.

- “ఫోన్ అడగకూడదు” కాదు; “కంచం ముందు కూర్చుని తన చేత్తో పది ముద్దలు తినాలి”.
- “హోంవర్క్ ఎగ్గొట్టకూడదు” కాదు; “ఆరున్నరకు అలారం మోగిన ఐదు నిమిషాల్లో చాప మీద కూర్చుని డైరీ తెరవాలి”.
- “చెల్లిని కొట్టకూడదు” కాదు. “బొమ్మ కావాలంటే నోటితో అడగాలి, ఇవ్వకపోతే పెద్దవాళ్లను పిలవాలి”.

మూడు సమస్యలుంటే తేలికైనదాంతో మొదలుపెట్టండి. మొదటి గెలుపు పిల్లలకన్నా పెద్దలకే ఎక్కువ అవసరం.

## 3. వారం రోజులు లెక్క రాయండి

నోటు పుస్తకంలో మూడు నిలువు గళ్లు గీయండి: ముందు ఏం జరిగింది, పిల్లలు ఏం చేశారు, వెంటనే ఏం జరిగింది. ఒక పేజీ ఇలా ఉండవచ్చు:

- 6:30, టీవీ ఆపి పుస్తకం తీయమన్నాను / కడుపు నొప్పన్నాడు / పడుకోమన్నాను, 7:15 దాకా పుస్తకం తీయలేదు
- 6:40, లెక్కల పుస్తకం తెరిచాడు / పెన్సిల్ విసిరాడు / నానమ్మ వచ్చి, “కాసేపాగి రాస్తాడులే” అంది
- 6:35, తెలుగు నోటు తీశాడు / పదమూడు నిమిషాలు రాశాడు / ఎవరూ ఏమీ అనలేదు

ఈ మూడు వరుసల్లోనే చాలా ఉంది. మొదటి రెండింట్లో పని తప్పింది. మూడో దాంట్లో పని చేశాడు, ఎవరూ పట్టించుకోలేదు. తెలుగుకు కూర్చున్నవాడు లెక్కలకు కూర్చోలేదంటే బద్ధకం కాకపోవచ్చు, ఆ లెక్కలు రాకపోవడం కావచ్చు. రానిదాన్ని బహుమతి తెప్పించలేదు, నేర్పించాల్సిందే.

వారం చివర “వెంటనే ఏం జరిగింది” గడి మొత్తం చదవండి. ఆ పనివల్ల పిల్లలకు దక్కుతున్నది ఈ నాలుగింట్లో ఒకటై ఉంటుంది:

- పెద్దల ధ్యాస
- వస్తువు, తిండి, ఫోన్
- కష్టమైన పని తప్పించుకోవడం
- ఒంటికి హాయి (వేలు చీకడం, కాళ్లు ఊపడం లాంటివి)

దీన్ని తప్పుగా పట్టుకుంటే తర్వాతి మెట్లన్నీ తలకిందులవుతాయి. పని తప్పించుకోవడానికి ఏడ్చేవాణ్ని మూలన కూర్చోబెట్టడమంటే, అడిగింది చేతికిచ్చినట్టే.

మీ గడి కూడా చూసుకోండి. అన్నం దగ్గర ఏడుపు, ఫోన్ చేతికి, ఏడుపు బంద్. పిల్లకు ఫోన్ దక్కింది. మీకు నిశ్శబ్దం దక్కింది. ఏడిస్తే ఫోన్ వస్తుందని పిల్ల నేర్చుకుంటే, ఫోన్ ఇస్తే ప్రశాంతంగా ఉంటుందని మీరు నేర్చుకున్నారు. అది రుణాత్మక పునర్బలనం, ఈసారి మీ మీద. ఈ ముడిని ముందుగా విప్పాల్సింది పెద్దలే.

## 4. బహుమతి ఎంపిక

ఏం కావాలని పిల్లల్ని అడగకండి, రిమోట్ కారంటారు. ఖాళీగా వదిలేసినప్పుడు దేని దగ్గరికి పోతున్నారో రెండు రోజులు గమనించండి. ఎక్కువగా చేసే పనిని తక్కువగా చేసే పని వెనక పెడితే, తక్కువది పెరుగుతుంది. మనస్తత్వవేత్త డేవిడ్ ప్రిమాక్ 1959లో ఒకటో తరగతి పిల్లల మీద పిన్‌బాల్ యంత్రం, మిఠాయిలతో చూపింది ఇదే. ఆటంటే ఇష్టమున్నవాళ్లు ఆట కోసం మిఠాయి ఎక్కువ తిన్నారు, మిఠాయంటే ఇష్టమున్నవాళ్లు మిఠాయి కోసం ఆట ఎక్కువ ఆడారు. ఒకే వస్తువు ఒకరికి బహుమతి, ఇంకొకరికి కూలి పని.

మంచి బహుమతికి గుర్తులు

- పని పూర్తయిన క్షణంలోనే ఇవ్వగలగాలి
- చిన్నదై ఉండాలి, రోజూ ఇచ్చినా మొహం మొత్తకూడదు
- ఇంకో దారిలో ఉచితంగా దొరకకూడదు. మేనమామ రోజూ చాక్లెట్ తెచ్చే ఇంట్లో చాక్లెట్ బహుమతి పనిచేయదు
- అన్నం, నిద్ర, ముద్దు, బడికి వెళ్లే ముందు టాటా లాంటివి బహుమతి జాబితాలో ఉండకూడదు. అవి ఎప్పుడూ ఇవ్వాల్సినవే

డబ్బు వద్దని మా సలహా. ఏడేళ్ల పిల్లలకు పది రూపాయల విలువ తెలియక కాదు, బాగా తెలుస్తుంది. నెల తిరిగేలోపు రేటు పెంచమంటారు.

ఇష్టంగా చేసేదానికి బహుమతి పెట్టకండి. మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ 1973లో ప్రచురించిన ప్రయోగంలో, బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న నర్సరీ పిల్లలకు బొమ్మ వేస్తే పతకం లాంటి పత్రం ఇస్తామని ముందే చెప్పారు. తర్వాత ఖాళీ సమయంలో ఆ పిల్లలు బొమ్మలు వేయడం, మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయింది. ముందు చెప్పకుండా ఇచ్చినవాళ్లలో ఆ తగ్గుదల లేదు. మీ పాప తనంతట తాను కథల పుస్తకం చదువుతుంటే దానికి గింజ కట్టకండి. పక్కన కూర్చుని వినండి చాలు.

మెచ్చుకోలు కూడా బహుమతే, పైగా ఖర్చు లేనిది. “వెరీ గుడ్” అంటే దేనికన్నారో తెలియదు. “అలారం మోగగానే డైరీ తీశావు” అంటే తెలుస్తుంది. “నిన్నెందుకు తీయలేదు మరి?” అని తోక తగిలిస్తే ఆ మెచ్చుకోలు తిట్టయిపోయినట్టే.

## 5. గింజల లెక్క కట్టడం

హోంవర్క్ ఉదాహరణ తీసుకుందాం. లెక్క వారంలో ఆరు బడి రోజులు చూస్తే ఇలా తేలిందనుకోండి: చెప్పకుండా కూర్చున్నది ఒక్క రోజూ లేదు, సగటున నాలుగుసార్లు చెప్పాల్సి వచ్చింది, మామూలుగా లేవకుండా కూర్చున్నది ఆరు నిమిషాలు.

మొదటి మెట్టు ఆ ఆరు నిమిషాల కన్నా తక్కువలో ఉండాలి. మొదటి రోజే గెలవాలి. పెద్దలకు ఇది మింగుడుపడదు, “ఐదు నిమిషాలకు బహుమతేంటి?” అంటారు. గంటసేపు కూర్చోబెట్టే ప్రయత్నంలో రోజూ ఓడిపోవడం కన్నా ఐదు నిమిషాల దగ్గర గెలవడం మేలు.

మెట్లు

- మెట్టు 1: అలారం మోగిన 5 నిమిషాల్లో చాప మీద కూర్చుంటే 2 గింజలు, 5 నిమిషాలు లేవకుండా రాస్తే 2 గింజలు
- మెట్టు 2: 3 నిమిషాల్లో కూర్చోవడం, 8 నిమిషాలు రాయడం, అవే గింజలు
- మెట్టు 3: 2 నిమిషాల్లో కూర్చోవడం, 12 నిమిషాలు
- మెట్టు 4: 2 నిమిషాల్లో కూర్చోవడం, మధ్యలో మంచినీళ్లకు ఒకసారి లేస్తూ 20 నిమిషాలు

ఐదు రోజుల్లో నాలుగు రోజులు గెలిస్తే పై మెట్టుకు. వరసగా రెండు రోజులు తప్పితే కింది మెట్టుకు, గొడవ లేకుండా. మెట్టు ఎక్కేటప్పుడు గింజల సంఖ్య పెంచకండి, పనే పెంచండి.

ధరల పట్టిక

- 2 గింజలు: పడుకునే ముందు ఇంకో కథ
- 3 గింజలు: ఒక ఆట అష్టాచెమ్మా, ఆడేది పిల్లలు ఎంచుకున్న పెద్దవాళ్లతో
- 5 గింజలు: రేపు ఏం కూర వండాలో తన మాటే
- 12 గింజలు: ఆదివారం సాయంత్రం పార్కు, బజ్జీలు

ధరలు కట్టే ముందు కూడిక చేయండి. రోజుకు సగటున మూడు గింజలొస్తే ఆరు రోజులకు పద్దెనిమిది. మూడు రాత్రులు కథకు ఆరు పోయినా ఆదివారానికి పన్నెండు మిగులుతాయి. రోజూ చిన్నది కొనగలగాలి, వారానికి పెద్దది అందాలి. పెద్దది మూడు వారాల దూరంలో ఉంటే ఆరేళ్ల పిల్లలకు అది లేనట్టే.

## 6. మొదటి రోజు వరస

1. ముందు రోజు సాయంత్రం, అందరూ స్థిమితంగా ఉన్నప్పుడు, రెండు సీసాలూ చూపించండి. ఒకటి ఇంటి సీసా, ఒకటి తన సీసా. రెండు నిమిషాల్లో చెప్పడం అయిపోవాలి.
2. వెంటనే ఒక తమాషా ఆటగా చేయించండి. అలారం మోగించండి, చాప మీద కూర్చోమనండి, రెండు గింజలు వేయండి. ఆ గింజలతో అప్పుడే ఏదైనా కొననివ్వండి. గింజకు విలువ మాటలతో రాదు, ఒకసారి కొన్నాకే వస్తుంది.
3. మర్నాడు 6:25కు టీవీ ఆపండి. 6:30కు అలారం. ఒక్కసారి చెప్పండి: “హోంవర్క్ టైమ్.” రెండోసారి చెప్పకండి. నాలుగోసారికి లేస్తే చాలని ఇన్నాళ్లూ నేర్పింది మనమే.
4. కూర్చోగానే, ఆ క్షణంలోనే, గింజ పిల్లల చేతికివ్వండి. సీసాలో తనే వేసుకోవాలి, టక్కుమని శబ్దం రావాలి. ఏ పనికి వచ్చిందో ఒక వాక్యంలో చెప్పండి.
5. కూర్చోకపోతే గింజ లేదు, అంతే. ఉపన్యాసం, ఎదురింటి పిల్లాడితో పోలిక, ముఖం మాడ్చుకోవడం ఏవీ వద్దు. “రేపు మళ్లీ గింజ ఉంటుంది” అనండి. హోంవర్క్ సంగతి మీ పాత పద్ధతిలోనే కానివ్వండి.
6. రాత్రి నోటు పుస్తకంలో రెండు అంకెలు: ఎన్ని నిమిషాలకు కూర్చున్నారు, ఎంతసేపు.

పని పూర్తయ్యాక గింజ, ముందు కాదు. “ఇదిగో చాక్లెట్, ఇప్పుడు రాయి” అంటే అది బహుమతి కాదు, లంచం. ఏడుస్తుండగా ఆపడానికి ఇస్తే, ఏడుపుకు కట్టిన గింజ.

## 7. పాత పనికి ఫలితం ఆపడం

కొత్త పనికి ఫలితం మొదలయ్యాక, పాత పనికి వస్తున్నది ఆపాలి. దీన్ని విరమణ అంటారు. ఈ మార్గంలో ఎక్కువ ఇళ్లు జారిపడేది ఇక్కడే.

దుకాణం ముందు కుర్‌కురే కోసం ఏడ్చే నాలుగేళ్ల పిల్లాణ్ని తీసుకోండి. ఇవ్వడం ఆపగానే ఏడుపు తగ్గదు, పెరుగుతుంది. గొంతు పెద్దదవుతుంది, నేల మీద పడతాడు, ఇంతకుముందు ఎన్నడూ చేయనివి చేస్తాడు, చెప్పు విసురుతాడు. నాణెం మింగేసిన పబ్లిక్ ఫోన్‌ను మనం రెండు దెబ్బలు వేసినట్టు. పద్ధతి విఫలమైందనడానికి ఇది గుర్తు కాదు. ఇన్నాళ్లూ పనిచేసింది ఇక పనిచేయడం లేదని వాడికి తెలిసింది.

ఆ గరిష్ఠ స్థాయి దగ్గర మీరు లొంగితే, చెప్పు విసిరితే పని అవుతుందని నేర్పినట్టు. అందుకే నిలబడలేని రోజున ముందే ఇచ్చేయండి. బస్సు టైమైపోతోంది, ఎండ దంచుతోంది, మీకే జ్వరంగా ఉంది. అలాంటి రోజున మొదటిసారి అడగగానే, ఏడుపు మొదలవకముందే కొనిచ్చేయండి. అయితే ఇస్తే మొదట్లోనే ఇవ్వాలి, లేకపోతే ఆఖరి దాకా ఇవ్వకూడదు. మధ్యలో మాత్రం ఇవ్వకూడదు.

పదిసార్లలో ఒక్కసారి లొంగితే? అది అన్నిటికన్నా గట్టిగా నాటుకునే పద్ధతి. ఎన్నోసారికి వస్తుందో తెలియని ఫలితాన్ని చర నిష్పత్తి అంటారు. ఎన్నోసారికి డబ్బు పడుతుందో తెలియని జూదపు యంత్రం ముందు మనిషి గంటలు గంటలు కూర్చునేది దానివల్లే. రోజూ ఇచ్చే తల్లి ఆపితే ఏడుపు త్వరగా ఆరుతుంది. అప్పుడప్పుడు ఇచ్చే తల్లి ఆపితే చాలా కాలం సాగుతుంది.

మొదలుపెట్టే ముందు

- తాత, నానమ్మ, అమ్మమ్మ, బాబాయి అందరికీ ఒకే మాట చెప్పారా? ఇంట్లో ఒక్కరు ఇచ్చినా చర నిష్పత్తే
- ఈ రెండు వారాల్లో పెళ్లి, సంక్రాంతి సెలవులు, ఊరి ప్రయాణం లేవు కదా?
- పట్టించుకోకపోవడమంటే ముఖం తిప్పుకోవడం, మాట్లాడకపోవడం, కోపం చూపకపోవడం అని అందరికీ తెలుసా? ఉరిమి చూసినా ధ్యాస ఇచ్చినట్టే
- ఏడుపు ఆగిన కొద్ది క్షణాల్లోనే దగ్గరికి తీసుకోవడానికి సిద్ధంగా ఉన్నారా?

నానమ్మతో “నువ్వే చెడగొడుతున్నావత్తయ్యా” అంటే పని జరగదు. ఆమెకొక పాత్ర ఇవ్వండి: గింజలిచ్చేది నానమ్మే. ముద్దు చేయాలన్న ఆమె కోరికా తీరుతుంది, ముద్దు సరైన పని వెనకే పడుతుంది.

తగ్గిపోయిన ఏడుపు రెండు మూడు వారాల తర్వాత ఉన్నట్టుండి మళ్లీ ఒకసారి తిరిగి రావచ్చు. పాఠ్యపుస్తకాలు దీన్ని అయత్నసిద్ధ స్వాస్థ్యం అంటాయి. ఆ ఒక్కసారీ పట్టించుకోకపోతే ముందటి కన్నా త్వరగా పోతుంది.

రోడ్డు మీదికి పరిగెత్తడం, పొయ్యి దగ్గర ఆట, చిన్నపిల్లలను కొట్టడం, తన తల గోడకు కొట్టుకోవడం పట్టించుకోకుండా వదిలేసేవి కావు, వెంటనే ఆపాలి. అలాగే పని తప్పించుకోవడానికి చేసేదాన్ని చూడనట్టు వదిలేస్తే, కోరుకున్నది ఇచ్చినట్టే అవుతుంది. అక్కడ పనిని చిన్నది చేయండి, ఐదు లెక్కలు కాదు ఒక్కటే. కానీ ఆ ఒక్కటీ అయ్యాకే లేవాలి.

## 8. శిక్ష: రెండు వారాల తర్వాతే

కనీసం రెండు వారాలు గింజలు నడిచాక, ఇంకా మిగిలిన పనికే శిక్ష. శిక్ష ఏం చేయకూడదో చెబుతుంది, ఏం చేయాలో చెప్పదు. బదులు పని ముందే చేతికి వచ్చి ఉండాలి.

నేథన్ ఆజ్రిన్, విలియం హోల్జ్ 1966లో జంతువుల ప్రయోగాల ఫలితాలన్నీ క్రోడీకరించి, శిక్ష పనిచేయడానికి కావలసిన షరతులు చెప్పారు. ఇంటికి తెచ్చుకుంటే ఇవి:

- వెంటనే. “నాన్న రానీ, చెబుతా నీ పని” అన్న శిక్ష సాయంత్రం తలుపు తీసి నాన్నకు ఎదురెళ్లిన పనికి తగులుతుంది.
- ప్రతిసారీ. చేయలేనిదైతే మొదలుపెట్టకండి.
- మెల్లగా పెంచుకుంటూ పోకూడదు. పదినిమిషాల నుంచి అరగంట, గంట, వారం అంటూ పెంచితే ప్రతిదానికీ అలవాటు పడతారు. మొదటినుంచీ ఒకే కొలత.
- బదులు దారి ఉండాలి. అదే ఫలితం మంచి పని చేసి పొందగలగాలి.

గింజ కోత. తప్పుకు ఒక గింజ, రోజుకు రెండు మించకూడదు. సీసా ఖాళీ అయితే ఇక పోయేదేమీ లేదు, ఆ సాయంత్రం మీ చేతిలో ఏ ఆయుధమూ ఉండదు. మూడు నాలుగు వస్తే ఒకటి పోయేలా చూసుకోండి.

విడిగా కూర్చోబెట్టడం మూడు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లకు, అదీ ధ్యాస కోసమో వస్తువు కోసమో చేసిన పనికే:

1. ఒక్క హెచ్చరిక.
2. మళ్లీ చేస్తే పది మాటల్లోపు: “కొట్టావు కాబట్టి కుర్చీలో కూర్చో.”
3. ఏడాదికి ఒక నిమిషం లెక్కన టైమరు, ఐదు మించొద్దు. కుర్చీ మీ కంటికి కనబడే చోట, టీవీకి దూరంగా. చీకటి గది, బాత్‌రూమ్, గడియ ఎప్పుడూ వద్దు.
4. ఆ సేపు మాటలు లేవు.
5. టైమరు మోగాక కొద్ది క్షణాలు నెమ్మదిగా ఉంటే లేపండి. క్షమాపణ, పాఠం అడగకండి.
6. తర్వాత చేసిన మొదటి మంచి పనిని, అది ఎంత చిన్నదైనా, పట్టుకుని పేరు పెట్టి చెప్పండి.

బయట ఆట లేకపోతే కుర్చీకి అర్థం లేదు. ఎప్పుడూ ఒంటరిగా ఉండే పిల్లలకు ఒంటరితనం శిక్ష కాదు.

కొట్టడం. బడిలో కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ నిషేధించింది. ఇంట్లో కూడా లెక్క కుదరదు. దెబ్బ తగలగానే అల్లరి ఆగుతుంది, దాంతో కొట్టిన చేతికి అలవాటవుతుంది. పిల్లలకు మాత్రం కొట్టేవాళ్లు లేనప్పుడు చేయడం, దాచడం, అబద్ధమాడటం అలవాటవుతాయి.

## 9. గింజలు పలచన చేయడం

నాలుగో మెట్టు మీద రెండు వారాలు నిలిచాకే. ఒక్కసారిగా ఆపితే అదీ విరమణే, హోంవర్క్ అలవాటు ఆరిపోతుంది.

- మొదటి వారం: డబ్బాలో ఆరు చీటీలు, నాలుగింటి మీద గింజ బొమ్మ. హోంవర్క్ *అయ్యాక* పిల్లలే ఒక చీటీ తీయాలి. ముందే తీస్తే, ఖాళీ చీటీ రోజున పుస్తకం తీయరు.
- రెండో వారం: మూడు చీటీల మీదే బొమ్మ.
- మూడో వారం: రెండు. ఆదివారం పార్కు మాత్రం గింజలతో సంబంధం లేకుండా మామూలుగా ఇంటి అలవాటు అయిపోవాలి.
- తర్వాత: సీసా అటక మీదికి. పేరు పెట్టి మెచ్చుకోవడం, పక్కన కూర్చోవడం ఆగకూడదు.

ఏడుపును గట్టిగా నాటిన చర నిష్పత్తే ఇక్కడ చదువును నాటుతుంది.

## 10. చెడితే ఎక్కడ చూసుకోవాలి

“నాలుగో రోజుకే మోజు పోయింది.” ధరల పట్టిక పాతబడింది. వారానికి ఒక బహుమతి మార్చండి. లేదా అదే బహుమతి బయట ఉచితంగా దొరుకుతోంది.

“ప్రతి పనికీ ‘ఎన్ని గింజలిస్తావ్’ అంటోంది.” జాబితాలో లేని పనికి గింజ లేదనండి, బేరానికి దిగకండి. ఒక్కసారి బేరం గిట్టితే బేరమాడటమే పెరుగుతుంది.

“నాకేం వద్దు నీ గింజలు” అంటాడు. వాదించకండి. రెండు రోజులు ఎదురుచూడండి, సీసా కనబడేలా ఉంచండి. మూడో రోజూ అదే మాటంటే మెట్టు ఎత్తుగా ఉంది, లేదా కొనేవాటిలో వాడికి నచ్చింది లేదు.

అక్కకు గింజలు, తమ్ముడికి అసూయ. తమ్ముడికి తన వయసుకు తగ్గ వేరే పని, వేరే సీసా. ఇద్దరి సీసాలూ పక్కపక్కన పెట్టకండి.

సీసాలోంచి గింజలు తీసుకుంటున్నారు. నేరంగా చూడకండి, సీసా పై అరకు మార్చి రోజు చివర కలిసి లెక్కపెట్టండి.

ఇంట్లో బాగానే ఉంది, ట్యూషన్‌లో లేదు. ఒక చోట నేర్చింది ఇంకో చోటికి దానంతటదే పోదు. అక్కడి టీచరుతో ఒకే పని, ఒకే గుర్తు మాట్లాడుకోండి. డైరీలో చుక్క పెడితే ఇంటి దగ్గర గింజ.

పరీక్షలకు ముందు వారమే చదువుతున్నాడు. ఫలితం నిర్ణీత కాలానికే వస్తే, ఆ కాలం దగ్గర పడేదాకా పని పడుకుంటుంది. స్థిర కాలవ్యవధి గుణమే అది. చెప్పకుండా పెట్టే ఐదు ప్రశ్నల చిన్న పరీక్షలు వారానికి రెండు పెట్టండి, మార్కులకు కాదు, రాసినందుకు గింజ.

“ఫస్ట్ ర్యాంక్ వస్తే సైకిల్” అని మాటిచ్చేశారు. ర్యాంకు పని కాదు, పక్కవాళ్ల మార్కుల మీద కూడా ఆధారపడే ఫలితం. పైగా నెలల దూరం. మాట తప్పకండి, దాన్ని ముక్కలు చేయండి. సైకిల్ బొమ్మను వంద గళ్లుగా గీసి, రోజూ చదువుకున్న ప్రతి ఇరవై నిమిషాలకు ఒక గడికి రంగు వేయించండి. వంద గళ్లు నిండితే సైకిల్, ర్యాంకు ఏదైనా.

రెండు వారాలైనా అంకె కదలడం లేదు. ఈ వరసలో చూడండి: గింజ వెంటనే పడుతోందా, ఇంట్లో ఎవరైనా పాత పనికి ఫలితం ఇస్తున్నారా, మెట్టు మరీ ఎత్తుగా ఉందా, పనికి అసలు కారణం తప్పుగా పట్టుకున్నారా, ఆ పని పిల్లలకు నిజంగా వచ్చా. నాలుగో ప్రశ్న దగ్గర అనుమానముంటే పైన మూడో భాగానికి వెళ్లి ఇంకో వారం లెక్క రాయండి.

అయినా కదలకపోతే, లేదా తనను తాను గాయపరచుకోవడం, మాటలు తగ్గిపోవడం, నిద్ర, తిండి మారిపోవడం కనిపిస్తే పద్ధతి ఆపి పిల్లల మానసిక నిపుణుల దగ్గరికి వెళ్లండి. నోటు పుస్తకం వెంట తీసుకెళ్లండి. లెక్క వారం పేజీలు, మెట్లు మారిన తేదీలు, “వెంటనే ఏం జరిగింది” గడి, ఈ మూడూ ఉంటే మొదటి రోజే మాట సూటిగా మొదలవుతుంది.